వెనక వరస నుంచి పంచిన కాగితాలు

సొన్నమ్మ చేతికి ఏ కాగితాలిచ్చినా వెనక వరస నుంచే పంచుతుంది. ఇది ఇరవై రెండేళ్ళ అలవాటు. పరీక్ష హాల్లో గుసగుసలు మొదలయ్యేది వెనకే కాబట్టి, మొదట ఆ చేతుల్లో కాగితం పడేస్తే ఆ నోళ్ళు మూతపడతాయని ఆమె లెక్క. ముందు వరస పిల్లలు ఎట్లాగూ చేతులు కట్టుకుని కూర్చునే రకం. వాళ్ళు ఆగుతారు.

కె.ఆర్.పురం దాటాక పాత మద్రాసు రోడ్డు మీంచి లోపలికి మళ్ళితే ఒక యూనివర్సిటీ వస్తుంది. అక్కడ సొన్నమ్మ మొదట చీపురుతో చేరింది. చీపురు నుంచి టీ ఫ్లాస్కుకు, ఫ్లాస్కు నుంచి పరీక్ష కాగితాలకు ఎదిగింది, చీపురు మాత్రం చేతిని వదల్లేదు. పుట్టింది ముళబాగిలు పక్క పల్లెలో. చదువు మూడో తరగతి, అదీ సగమే. మిగతా సగం మేకల వెంట గడిచింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడుతుంది. ప్రొఫెసర్లు పోట్లాడుకునేటప్పుడు ఇంగ్లీషు కూడా బాగానే అర్థమవుతుంది. మొగుడు ఓబళప్ప వైట్‌ఫీల్డ్‌లో ఒక అపార్ట్‌మెంటుకు కాపలా. రోజంతా వచ్చే పోయే కార్లకు తలవంచి, ఇంటికొచ్చి పెళ్ళాం మాటకు తలూపే మనిషి. ఆయన మెడనొప్పి ఎక్కణ్ణుంచి వచ్చిందో డాక్టర్లు ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

సొన్నమ్మ ఉండేది సైకాలజీ డిపార్ట్‌మెంటులో. అక్కడ పరిశోధన చేస్తున్న రంజిత అనే హిందూపురం పిల్ల ఆ ఏడు ఒక పని పెట్టుకుంది. మనిషి మనసు కుంగిపోయిందో లేదో పట్టుకునే తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి ఇంగ్లీషులో ఉంది. దాన్ని తెలుగులోకి దించి, ఆంధ్రా తెలంగాణల నుంచి వచ్చి చదువుకుంటున్న పిల్లల మీద పరీక్షించాలి. తెలుగు కాగితం కూడా ఇంగ్లీషు దానంత ఖచ్చితంగా పట్టుకుంటుందా అన్నదే ఆ పరీక్ష.

పిల్లలకివ్వక ముందు రంజిత ఆ ప్రశ్నలను సొన్నమ్మకు చదివి వినిపించింది.

"గత రెండు వారాలుగా దైనందిన కార్యకలాపాల పట్ల నిరాసక్తత... అర్థమవుతోందా ఆంటీ?"

"ఎవురు చచ్చినారు?" అంది సొన్నమ్మ.

"ఎవరూ చావలేదు ఆంటీ. ఏ పనీ చేయబుద్ధి కావట్లేదా అని అడుగుతున్నాం."

"మరి అట్లే అడగరాదా! పాపం, ఆ బిడ్డ మనసు బాగలేక కూచునుంటే, నువ్వు పోయి కార్యకలాపాలంటే ఇంకా కుంగిపోతుంది."

రంజిత నవ్వి రాసుకుంది. అట్లా ఎనిమిది ప్రశ్నలు అయ్యాయి. తొమ్మిదోది చదివేటప్పటికి ఇద్దరికీ నవ్వు పోయింది. బతకడం కన్నా చచ్చిపోవడం మేలని అనిపించిందా? ఎన్నాళ్ళు? ఒక్కనాడూ లేదు, కొన్ని రోజులు, సగం రోజులకు పైగా, దాదాపు రోజూ.

"ఇట్లా మొహాన అడిగితే లేని ఆలోచన పుట్టదా పాపా?" అంది సొన్నమ్మ.

"పుట్టదు ఆంటీ. అడిగితే చెప్పుకునే దారి దొరుకుతుంది. అడక్కపోతేనే లోపల మగ్గేది."

సొన్నమ్మ నమ్మీ నమ్మనట్టు కప్పులు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం పెద్ద హాల్లో నలభై ఎనిమిది మంది పిల్లలను కూర్చోబెట్టారు. వరసకు ఆరు కుర్చీల చొప్పున ఎనిమిది వరసలు. కాగితం మీద పేరు రాయకూడదు, నంబరు మాత్రమే ఉంటుంది. పేర్లు వేరే రిజిస్టరులో ఉంటాయి. ముందు వరస నుంచి మొదలుపెట్టి, ఎడమ నుంచి కుడికి, కూర్చున్న వరసలోనే సంతకాలు పెట్టించారు. రిజిస్టరులో ఒకటో పేరు వాళ్ళకు ఒకటో నంబరు కాగితం, రెండో పేరుకు రెండోది. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే తప్ప ఆ రెంటినీ కలిపి చూడకూడదు.

"ఆంటీ, ముందు నుంచి పంచండి, నంబర్ల వరసలో," అని రంజిత చెప్పింది.

"అట్లే పాపా," అంది సొన్నమ్మ. మాట చెవిన వేసుకుంది కానీ చేతికి చెప్పడం మరిచిపోయింది. చేయి తన దారిన వెనక వరసకు వెళ్ళింది.

రంజిత తప్పు కూడా ఒకటుంది. పిల్లలు హాలు దాటక ముందే ప్రతి కాగితంలో తొమ్మిదో ప్రశ్న చూడాలన్నది నియమం. నాలుగు గంటల బస్సుకు పిల్లలంతా ఒక్కసారి లేచారు. తోసుకుంటూ కాగితాలిచ్చి పరుగెత్తారు. చూద్దాంలే అని రంజిత వాటిని కట్టగట్టి బీరువాలో పెట్టింది. ఇంటికి వెళ్ళే బస్సులో గుర్తొచ్చేసరికి ఆఫీసుకు తాళం పడింది. శనివారం, ఆదివారం సెలవు. ఆ రెండు రాత్రులూ ఆమె సరిగా నిద్రపోలేదు. నిద్రపోకపోతే కాగితాలు తమంతట తాము చదువుకుంటాయా?

సోమవారం పొద్దున పదింటికి బీరువా తెరిచింది. నలభై ఒకటో కాగితంలో తొమ్మిదో ప్రశ్న దగ్గర చివరి గడిలో గుర్తు. దాదాపు రోజూ. గుర్తు పెట్టిన చోట పెన్ను కాగితాన్ని చీల్చింది.

రంజిత రిజిస్టరు తీసింది. నలభై ఒకటో పేరు లలిత్.

లలిత్ అంటే డిపార్ట్‌మెంటులో తెలియని వాళ్ళు లేరు. గుంటూరు పిల్లోడు. నవ్వకుండా ఒక మాట మాట్లాడితే జ్వరమేమో అని అడుగుతారు. ఎదురుగా ఉన్న క్లాసులోంచి వాణ్ణి పిలిపించి, కౌన్సెలర్ జ్ఞానప్రకాశం సారు గదికి తీసుకెళ్ళింది.

"నేనా? నాకు డిప్రెషనా? అక్కా, సీరియస్‌గా అంటున్నారా?" అన్నాడు లలిత్. "నిన్న రాత్రి రెండు బిర్యానీలు తిన్నా."

"తినేవాళ్ళకు రాదని ఎవరన్నారు లలిత్? ఇక్కడ మాట్లాడింది బయటికి పోదు."

"లేనిది ఏం మాట్లాడాలి అక్కా?"

సారు మెల్లగా అడుగుతూ పోయాడు. నవ్వే మొహాల వెనక ఏముంటుందో ఆయన చాలానే చూశాడు, అందుకే వదల్లేదు. గంట గడిచింది. లలిత్ నవ్వు తగ్గింది. చివరికి వాడే భయపడిపోయాడు. "సార్, నాకు తెలీకుండా నాలో ఏమైనా ఉందంటారా?"

సరిగ్గా అప్పుడు సొన్నమ్మ టీ తీసుకుని లోపలికి వచ్చింది. గుమ్మం పక్కన నిలబడి రంజిత సారుతో గుసగుసగా చెబుతోంది: "నలభై ఒకటి సార్. ఏడో వరసలో ఐదో కుర్చీ. వీడే. రిజిస్టరులో ఉంది."

సొన్నమ్మ చేతిలో ట్రే ఆగింది. ఏడో వరస అంటే వెనక నుంచి రెండోది. ఆ వరసకు తాను ఇచ్చినవి మొదట్లోని కాగితాలు. ఏడు, ఎనిమిది, తొమ్మిది... అక్కడికి నలభై ఒకటి ఎట్లా పోతుంది?

టీ అక్కడ పెట్టి బయటికొచ్చేసింది. కడిగిన కప్పులనే మళ్ళీ కడిగింది. కిందటి నెలలోనే ప్రొజెక్టరు రిమోటు కనబడలేదని, ఆమెతో పాటే చేరిన శాంతమ్మను ఒక్క మాటతో ఇంటికి పంపించేశారు. రిమోటు తర్వాత ఎవరి బ్యాగులోనో దొరికింది, శాంతమ్మ మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు తాను నోరు విప్పితే? చెప్పింది చేయని ఆయాను ఎవరు పెట్టుకుంటారు?

ఊరందరి తప్పులూ వాళ్ళ మొహం మీదే కడిగేసే నోరు అది. తన తప్పు దగ్గరికి వచ్చేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. మూడో కప్పు చేతిలో జారి సింకులో పగిలింది. ఆ చప్పుడుకు ఉలిక్కిపడి, పెంకులు అట్లాగే వదిలేసి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి నడిచింది.

"రంజితమ్మా, ఆ పిల్లోణ్ణి వదిలేయ్. వాడు కాదు."

"ఆంటీ, ప్లీజ్, తర్వాత..."

"నేను ఎనక నుంచి పంచినా."

రంజితకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక రిజిస్టరు అందుకుంది. "ముందు నుంచని చెప్పాను కదా ఆంటీ!"

"చెప్పినావు. నేనే వినలా. తిట్టేది తర్వాత తిట్టు, బేగ రా."

రంజిత నడుస్తూనే లెక్క వేయబోయింది. నలభై తొమ్మిదిలోంచి నలభై ఒకటి తీసేస్తే ఎనిమిది, అంటే ఎనిమిదో పేరు... "నీ లెక్క పక్కన పెట్టు," అంది సొన్నమ్మ. "ఇంకొకణ్ణి తప్పుగా పట్టుకుంటావు. నేను వరసలు ఎనక నుంచి పోయినా, వరసలో మాత్రం ఎడమ నుంచి కుడికే పోయినా. నడిచి చూస్తే గాని తెల్దు."

హాలు ఖాళీగా ఉంది. సొన్నమ్మ వెనక వరసకు వెళ్ళి, ఎడమవైపు మొదటి కుర్చీ మీద చేయి వేసి మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఒక్కో కుర్చీ తాకుతూ, వరస అయిపోగానే తిరిగి ఎడమకు వచ్చి, ముందు వరసకు. రంజిత ఆపకుండా ఆమె వెనకే. ముప్పై ఏడుకు రెండో వరసలోకి వచ్చారు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. నలభై.

"ఈ కుర్చీ," అంది సొన్నమ్మ.

ముందు నుంచి రెండో వరస, ఐదో కుర్చీ. రిజిస్టరులో పదకొండో పేరు. చాందిని.

మదనపల్లె పిల్ల. ఎమ్మెస్సీ మొదటి ఏడు. ఆ పిల్ల గురించి ఎవరూ ఏమీ అనుకోరు, అనుకునేంత చప్పుడు ఎన్నడూ చేయలేదు కాబట్టి. క్లాసులో అడిగితే, పొద్దున మొదటి క్లాసుకు వచ్చిందట. పదకొండున్నరకు బ్యాగు వదిలేసి బయటికి పోయిందట. మళ్ళీ రాలేదు.

రంజిత ఫోను చేసింది. రింగవుతోంది, ఎత్తడం లేదు. ఇద్దరూ హాస్టలుకు పరుగెత్తారు. సొన్నమ్మ యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు ఆ రోజు ఆమెను ఏమీ అడగలేదు. గదిలో చాందిని రూమ్మేటు ఫాతిమా ఒక్కతే ఉంది, నెల్లూరు అమ్మాయి. మంచం మీద చాందిని ఫోను ఇంకా మోగుతోంది.

"క్లాసులో ఉందేమో అక్కా. ఏమైంది?"

రంజిత చూపు ఫాతిమా వేసుకున్న ఊదారంగు స్వెట్టరు మీద ఆగింది. శుక్రవారం హాల్లో ఆ స్వెట్టరు వేసుకుని కూర్చున్నది చాందిని.

"ఇది నీదా?"

"చాందినీదే. నిన్న ఇచ్చేసింది. నాకింక వద్దులే, నువ్వు వేసుకో అనింది. పక్క గదివాళ్ళకి బుక్స్ కూడా ఇచ్చేసింది." ఆ పిల్ల నవ్వుతూనే చెబుతోంది. "ఎంత మంచిదో అక్కా."

ఉన్నవన్నీ పంచిపెట్టేయడం అంటే ఏమిటో రంజిత పుస్తకాల్లో చదివింది. సొన్నమ్మ చదవలేదు. చదవకపోయినా ఆ స్వెట్టరు వైపు మళ్ళీ చూడలేకపోయింది.

రంజిత అక్కడికక్కడే జ్ఞానప్రకాశం సారుకు ఫోను చేసి, సెక్యూరిటీని గేట్ల దగ్గరికి పంపమని చెప్పింది. వార్డెన్‌ను హాస్టలు మేడమీదంతా చూడమంది. ఫాతిమా చేతిలో చాందిని ఫోను పెట్టి, "ఇక్కడే ఉండు, తను వస్తే క్షణం ఆలస్యం చేయకుండా నాకు చెప్పు" అంది. ఫాతిమా ఏడుపు మొదలుపెట్టింది. స్వెట్టరు విప్పి ఏం చేయాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.

"అందరూ గేట్లకు పోతే ఎట్ల?" అంది సొన్నమ్మ. "బ్యాగు లేదు, ఫోను లేదు, ఆ బిడ్డ యాడికి పోతుంది? ఈడే యాడో ఏడుస్తా ఉంటుంది. నాతో రా."

అంత పెద్ద క్యాంపస్‌లో ఏడవడానికి మూడే చోట్లు. వైస్ ఛాన్సలర్‌కు కూడా తెలియని ఈ సంగతి ఊడ్చే చేతులకు తెలుసు. నలిపి పారేసిన కాగితపు రుమాళ్ళు, తెగిన పూసలు, సగం కొరికి వదిలేసిన బిస్కెట్లు పోగయ్యేది ఆ మూడు చోట్లే. ఒకటి లైబ్రరీ వెనక జనరేటరు గది. ఆ హోరులో ఎంత ఏడ్చినా వినబడదు. అక్కడ ఎవరూ లేరు. రెండోది క్యాంటీను నీళ్ళ ట్యాంకు చాటు. అక్కడ ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు.

"కూచోండప్పా, మీ పెండ్లి నేనేమీ చెడగొట్టను," అంది సొన్నమ్మ ఆయాసపడుతూ. "బక్కపల్చటి పిల్ల, ఒంటరిగా, ఇట్ల పోయిందా?"

"పసుపు చుడీదారు? అరగంట కిందట పాత కెమిస్ట్రీ ల్యాబు వైపు పోయింది ఆంటీ," అన్నాడు అబ్బాయి.

"అరగంట కిందట ఒంటరిగా పోయిన పిల్లను చూసి కూడా... సరే, తర్వాత చెప్తా నీకు."

మూడో చోటూ అదే. పాత ల్యాబు మూతపడి మూడేళ్ళు. వెనక మెట్లు పైకి పోయి, తాళం వేసిన తలుపు దగ్గర ఆగిపోతాయి. ఆ పై మెట్టు మీద, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, చాందిని కూర్చుని ఉంది.

సొన్నమ్మ చేయి వెనక్కి చాచి రంజితను కింద మలుపులోనే ఆపింది. ఒక్కో మెట్టూ ఎక్కి, ఆ పిల్లకు రెండు మెట్ల కింద కూలబడింది.

చాందిని గబగబా మొహం తుడుచుకుంది. "క్లాసుకు పోతా ఉన్నా ఆంటీ. ఊరికే కూర్చున్నా."

"కూచో తల్లీ. నాకు మోకాళ్ళు పట్టుకున్నాయి. నువ్వు లేస్తే నేనూ లేవాల్సొస్తుంది."

ఆ పిల్ల లేవలేదు. సొన్నమ్మ అడగాల్సిన మాట ఒకటుంది. అడిగితే నిజంగానే పుట్టదా? మొదట పక్కనున్న మాట అడిగింది.

"శుక్రవారం రాసిన కాగితంలో, తొమ్మిదో ప్రశ్నకు కడా గడిలో గుర్తు పెట్టింది నువ్వేనా?"

చాందిని మెట్టు వైపు చూస్తూ మాట్లాడింది.

"రాసేటప్పుడు అనుకున్నా, ఎవురో ఒకరు చదువుతారు గదా, వస్తారు గదా అని. శుక్రవారం సాయంత్రమంతా ఎదురు చూసినా. శనివారం రూములోనే కూర్చున్నా, ఎవురైనా వస్తే ఉండాల గదా అని. ఆదివారం కూడా. ఈ పొద్దు కిటికీలోంచి చూసినా, రంజితక్క వచ్చింది, లలిత్‌ని పిలుచుకుని పోయింది. అంటే అందరివీ చదివినారు. నాది చదివి కూడా పక్కన పెట్టినారు."

సొన్నమ్మ కళ్ళు మూసుకుని తెరిచింది.

"నీ కాగితం ఎవురూ పక్కన పెట్టలా. ఆ తప్పు నాది."

చాందిని మొదటిసారి తలెత్తింది.

"ముందు నుంచి పంచమని ఆ పాప నాకు చెప్పింది. నేను ఎనక నుంచి పంచినా. ముదుసలిదాన్ని, ఎవురి మాటా వినే దాన్ని కాదు. నీ నంబరు పోయి ఆ లలిత్ నెత్తిన పడింది. పొద్దన్నుంచి వాణ్ణి గదిలో కూచోబెట్టి నీకేం బాధ, నీకేం బాధ అని పీకుతా ఉండారు. ఆ పిల్లోడికి పాపం రెండు బిర్యానీలు తప్ప ఏ బాధా లేదు."

"లలిత్‌కా? డిప్రెషనా?" చాందిని నోట్లోంచి నవ్వు లాంటిది ఒకటి బయటికొచ్చింది. వచ్చినది వచ్చినట్టే మధ్యలో విరిగి ఏడుపైపోయింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. సొన్నమ్మ రెండు మెట్లూ పాక్కుంటూ ఎక్కి, పక్కన కూర్చుని వీపు మీద చేయి వేసింది. ఊరుకోమనలేదు.

రంజిత వచ్చి ఎదురుగా కింది మెట్టు మీద కూర్చుంది. ఏడుపు కాస్త నెమ్మదించాక సూటిగా అడిగింది.

"చాందినీ, ఇప్పుడు కూడా చచ్చిపోవాలని ఉందా?"

సొన్నమ్మ వేళ్ళు ఆ పిల్ల వీపు మీద బిగుసుకున్నాయి. చాందిని మాత్రం ఉలిక్కిపడలేదు.

"ఉంది అక్కా. ఈ పొద్దే అనుకున్నా." ముక్కు చీదింది. "ఎందుకని అడగొద్దండి. మార్కులు బానే ఉండాయి. ఇంట్లో బానే చూసుకుంటారు. ఏమని చెప్పాల నేను? కారణం లేకుండా ఎవురికి చెప్తారు?"

"కారణం లేకుండానే చెప్పొచ్చు," అంది రంజిత. "కాలు విరిగితే డాక్టరు దగ్గరికి పోతాం, మంచి కారణం ఉంటేనే రమ్మంటాడా? శుక్రవారమే నేను నీ కాగితం చూడాల్సింది. చూడలేదు. అది నా తప్పు. ఇప్పుడు సారు దగ్గరికి పోదాం, ఆయన డాక్టరును పిలిపిస్తారు. అమ్మకు నేనే ఫోను చేస్తా. నిన్ను ఒక్కదాన్ని వదలం."

"అమ్మ భయపడుతుంది."

"పడనీ," అంది సొన్నమ్మ. "అమ్మలు ఉండేది దానికే. లే తల్లీ. నన్ను కూడా లేపు."

చాందిని ఆమెను లేపింది. ముగ్గురూ మెల్లగా మెట్లు దిగారు. దారి పొడుగునా సొన్నమ్మ ఆ పిల్ల ముంజేయి వదల్లేదు.

జ్ఞానప్రకాశం సారు గది ముందు లలిత్ ఇంకా కూర్చునే ఉన్నాడు. వీళ్ళను చూసి లేచాడు. ఏమీ అడగలేదు, తలుపు తెరిచి పట్టుకుని పక్కకు తప్పుకున్నాడు. ఆ పిల్లోడికి బుర్ర ఉందని సొన్నమ్మకు ఆ రోజే తెలిసింది.

గుమ్మంలో చాందిని ఆగింది. "ఆంటీ, మీరు ఈడే ఉంటారా?"

"యాడికి పోతా?"

తలుపు మూసుకుంది. సొన్నమ్మ ఎదురు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. డాక్టరమ్మ వచ్చి లోపలికి వెళ్ళింది. మదనపల్లెలో తల్లి బస్సు ఎక్కిందని కబురొచ్చింది. ఆఫీసులో ఎవరో టీ కోసం రెండుసార్లు గంట కొట్టారు. సొన్నమ్మ లేవలేదు. తర్వాత రంజిత ఫోను పట్టుకుని బయటికి వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

"ఢిల్లీ నుంచి ప్రొఫెసర్ మేడమ్ ఆంటీ, నా పరిశోధనకు పెద్ద ఆమే. శుక్రవారం ఏం జరిగిందో అంతా రాసి పంపమంటున్నారు. నేను చూడకుండా బీరువాలో పెట్టానని రాస్తున్నా. కాగితాలు ఎవరు పంచారని కూడా అడుగుతున్నారు."

"నా పేరు రాయి. వట్టి సొన్నమ్మ అంటే ఎవురని అడుగుతారు. సొన్నమ్మ, ఆయా, సైకాలజీ అని రాయి."

"ఉద్యోగం..."

"రాయి పాపా."

నాలుగు గంటలకు గది తలుపు సందు చేసుకుని చాందిని తల బయట పెట్టింది. కళ్ళు వాచి ఉన్నాయి. వరండా అటూ ఇటూ చూసింది, తర్వాత నేల మీద చూసింది.

"ఉండారా?"

"ఉండా," అంది సొన్నమ్మ.

తలుపు మళ్ళీ మూసుకుంది.